రెండు బ్యాండ్లు, ఒకటే రిఫ్

పంక్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది రంగేసిన జుట్టు, చెవికి గుచ్చుకున్న పిన్నీసు, చెవులు చిల్లులు పడే గిటార్లు. 2001 దాకా నాకూ అంతే. మా ఇంట్లోవాళ్ళకి ఇప్పటికీ అంతే, వాళ్ళ భాషలో దాని పేరు "ఆ గోల". అలాంటిది బజ్‌కాక్స్ అనే ఒక మాంచెస్టర్ పంక్ బ్యాండు సింగిల్స్ గురించీ, ఆ బ్యాండులోవాళ్ళు పక్కన చేసుకున్న వేరే పనుల గురించీ ఇంత పొడుగు రాస్తే ఎందరు చివరిదాకా ఉంటారో నాకు నమ్మకం లేదు. అయినా రాయాలి. ఇందులో నా పాత బాకీ ఒకటుంది.

ముందు మా బావ సంగతి. బావంటే చుట్టరికం ఏమీ లేదండోయ్. వాడిది కాకినాడ, నాది తెనాలి. ఎస్సార్ నగర్‌లో ఒకే గదిలో అద్దెకి చేరిన మొదటి రోజు నుంచీ ఒకర్నొకరం బావా అనే పిలుచుకున్నాం. 2001 అంటే మీకు తెలుసుగా, అమెరికాలో డాట్‌కామ్‌లు కూలితే ఆ దుమ్మంతా అమీర్‌పేట మీద పడిన ఏడాది. ఉద్యోగం ఉంది, పని లేదు. ఇద్దరం బెంచి మీద. పగలంతా ఆఫీసులో ఖాళీగా కూర్చునేవాళ్ళం, రాత్రంతా గదిలో పాటలు వినేవాళ్ళం.

వాడు ఇంజినీరింగు హాస్టల్లో నిర్వాణ భక్తుడు. నిర్వాణ 1994 ఫిబ్రవరిలో యూరప్‌లో చేసిన ఆఖరి టూరులో వాళ్ళకన్నా ముందు స్టేజి ఎక్కి వాయించినవాళ్ళలో బజ్‌కాక్స్ ఉన్నారని ఎక్కడో చదివాడట. నిర్వాణ అంతటివాళ్ళు వెంటబెట్టుకుని తిరిగారంటే వీళ్ళెవరో చూడాలని వాడి పట్టుదల. అమెరికా నుంచి వస్తున్న వాళ్ళ పిన్ని కొడుకు చేత ఒక సీడీ తెప్పించాడు. మిగతావాళ్ళు సెంట్లూ చాక్లెట్లూ తెప్పించుకుంటుంటే వీడు తెప్పించింది "సింగిల్స్ గోయింగ్ స్టెడీ".

ఆ సీడీ ప్రత్యేకత చెప్పాలి. 1979లో అమెరికా వాళ్ళకి ఈ బ్యాండుని పరిచయం చెయ్యడానికి వేసిన రికార్డది. ఇంగ్లండులో అప్పటికి విడివిడిగా వచ్చిన ఎనిమిది సింగిల్స్‌నీ తీసుకుని, వాటి ఎ సైడు పాటలు ఎనిమిదీ ఒక పక్కన, బి సైడు పాటలు ఎనిమిదీ రెండో పక్కన, వచ్చిన వరసలోనే పేర్చేశారు. మన చిన్నప్పుడు క్యాసెట్టుకి ఒక పక్క ఒక సినిమా, ఇంకో పక్క ఇంకో సినిమా ఉండేవి కదా, మనకి నచ్చిన సినిమా ఎప్పుడూ ఒకటే ఉండేది, రెండోది కొసరు. ఇక్కడ కొసరే కొంపముంచింది. వారం తిరిగేసరికి గదిలో రెండు పార్టీలయ్యాయి. నాది ఎ సైడు, బావది బి సైడు.

నా వాదన సులువు. "వాట్ డు ఐ గెట్", "లవ్ యూ మోర్", "ఎవర్ ఫాలెన్ ఇన్ లవ్", "ప్రామిసెస్".. రెండున్నర, మూడు నిమిషాల్లో ముగించేస్తారు. "లవ్ యూ మోర్" అయితే రెండు నిమిషాలు కూడా ఉండదు, మాట మధ్యలో ఫోను పెట్టేసినట్టు ఆగిపోతుంది. గిటార్ల గోల కింద శుభ్రమైన ట్యూన్ ఉంటుంది, ఒక్కసారి వింటే స్నానం చేస్తూ పాడేసుకోవచ్చు. ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. పాటలు రాసిన పీట్ షెల్లీ ప్రేమ పాటల్లో "ఆమె", "అతడు" రాకుండా జాగ్రత్తపడేవాడు. అంతా నేను, నువ్వు. షెల్లీ తాను ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ కూడా ఇష్టపడతానని దాచుకోని మనిషి, ఎవరు విన్నా పాట వాళ్ళదే కావాలని అలా రాశాడు. మనం "నువ్వు" అన్నామంటే అవతల ఆడో మగో తెలీదు కదా, అందుకేనేమో ఇంగ్లీషు సగమే అర్థమయ్యే నాకు కూడా ఆ పాటలు పరాయివి అనిపించలేదు.

బావ ఇవేవీ వినేవాడు కాదు. "ఎ సైడు జనం కోసం బావా, బి సైడు వాళ్ళ కోసం" అనేవాడు. వాడి దేవుడు "వై కాంట్ ఐ టచ్ ఇట్". ఆరున్నర నిమిషాలు. పంక్ వాళ్ళు ఆరున్నర నిమిషాలు నింపాదిగా వాయించడమంటే మన డ్యాన్సు మాస్టరు పాట మొత్తం కుర్చీలో కూర్చోబెట్టి తీసినట్టు.

అంతకన్నా పెద్ద గొడవ డివోటో గురించి. కథ తెలియనివాళ్ళకి క్లుప్తంగా: బోల్టన్‌లో ఒక టెక్నికల్ కాలేజీ. అక్కడ ఎలక్ట్రానిక్స్ చదివిన పీటర్ మెక్‌నీష్, హోవర్డ్ ట్రాఫర్డ్ అనే ఇంకో కుర్రాడూ 1976లో సెక్స్ పిస్టల్స్‌ని లండన్‌ వెళ్ళి చూసొచ్చి, వాళ్ళని మాంచెస్టర్‌కి రప్పించారు. జూన్ 4న లెస్సర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో కచేరీ. వీళ్ళు షెల్లీ, డివోటో అని పేర్లు మార్చుకున్నారు. స్టీవ్ డిగిల్ ఆ రోజు హాలు బయట ఇంకెవరికోసమో ఎదురుచూస్తుంటే, పిస్టల్స్ మేనేజరు పొరపాటున తీసుకొచ్చి వీళ్ళకి అప్పజెప్పాడు. అలా కుదిరిన మనిషి ఆ తర్వాత నలభై ఏళ్ళు బ్యాండులో ఉన్నాడు. (మన క్యాంపస్ ఇంటర్వ్యూలకంటే మెరుగైన పద్ధతే.) డ్రమ్మర్ జాన్ మేహర్‌కి పదహారేళ్ళు.

ఆ డిసెంబరులో 500 పౌన్లు అప్పు చేసి, అందులో సగం షెల్లీ వాళ్ళ నాన్న దగ్గర, నాలుగు పాటలు రికార్డు చేశారు. కంపెనీ లేదు, న్యూ హార్మోన్స్ అని వాళ్ళే ఒక పేరు పెట్టుకున్నారు. "స్పైరల్ స్క్రాచ్" 1977 జనవరిలో వెయ్యి కాపీలు వేస్తే చకచకా చెల్లిపోయాయి, చివరికి 16,000 పోయాయట. వెనక అట్ట మీద ప్రతి పాటా ఎన్నో టేకో, తర్వాత గిటారు కలిపారో లేదో రాసి ఉంటుంది. అంటే రిలీజ్ నోట్స్ అన్నమాట! "బోర్‌డమ్"లో గిటారు సోలో ఉంటుంది, మొత్తం రెండే స్వరాలు, అవే మళ్ళీ మళ్ళీ. విసుగు గురించిన పాటకి అంతకన్నా సరైన సోలో ఏముంటుంది?

అది వచ్చిన కొద్ది రోజులకే డివోటో వెళ్ళిపోయాడు. పట్టుమని డజను కచేరీలు కూడా చెయ్యలేదు. వెళ్ళి మ్యాగజీన్ అని వేరే బ్యాండు పెట్టాడు. షెల్లీ మైకు అందుకున్నాడు, ఆ తర్వాతే ఈ సింగిల్స్ అన్నీ. నేను ఉన్నవాడి పార్టీ, బావ వెళ్ళినవాడి పార్టీ. "ఒక్క రికార్డుతో చెప్పాల్సింది చెప్పేసి లేచిపోయాడు చూడు, అదీ మగతనం" అని వాడు. "రిలీజు అయ్యాక సపోర్టు ఎవడు చేస్తాడు?" అని నేను.

2002లో ఒక రాత్రి ఒంటిగంటకి బావ నన్ను తట్టి లేపాడు. ఆఫీసులో రాత్రి షిఫ్టు వాళ్ళని బతిమాలి మ్యాగజీన్ వాళ్ళ "షాట్ బై బోత్ సైడ్స్" దింపుకొచ్చాడు. అది వినిపించాడు. వెంటనే మన సీడీలో బి సైడు నుంచి "లిప్‌స్టిక్" పెట్టాడు. రెండింట్లోనూ ఒకటే రిఫ్. రిఫ్ అంటే పాటలో పదే పదే తిరిగొచ్చే గిటారు ముక్క, ఇది మెట్లెక్కుతున్నట్టు పైపైకి పోతుంది. అది షెల్లీ కట్టిన ముక్క. వెళ్ళిపోయిన స్నేహితుడికి ఇచ్చేశాడు. డివోటో పాట 1978 జనవరిలో షెల్లీ పేరు కూడా వేసుకుని వచ్చింది, అదే ముక్కతో షెల్లీ పాట ఆ నవంబరులో వచ్చింది. ఒకే కోడు రెండు ప్రాజెక్టుల్లో, ఎవరూ కోర్టుకి పోలేదు. తెల్లారేదాకా ఆ రెండు పాటలే మార్చి మార్చి విన్నాం. ఇంటి ఓనరు గారు పొద్దున్నే వచ్చి అద్దె పెంచుతానన్నారు, దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో మరి.

ఇహ మా సైడ్ ప్రాజెక్టు. అప్పట్లో తెలుగు పత్రికల సైట్లు ఒక్కోటీ ఒక్కో ఫాంటు. ఒకదాని ఫాంటు వేసుకుంటే ఇంకోటి కనిపించదు, వెతుకుదామంటే కుదరదు. యూనికోడ్ వచ్చింది కానీ పాత రాతంతా అందులోకి మార్చేదెవరు? మేం మారుస్తాం అనుకున్నాం. 2003 అంతా శని, ఆదివారాలు అదే పని, పెర్ల్‌లో. నేను పట్టుకున్న ముక్క వత్తులది. పాత ఫాంట్లలో అక్షరాన్ని ముక్కలుగా, కంటికి కనిపించే వరసలో దాచేవాళ్ళు. "క్ర" అని రాస్తే కొన్నింట్లో క్రారవడి ముందు, క తర్వాత. ఐత్వం రెండు ముక్కలు. వాటిని పట్టి, వరస మార్చి, సరైన చోట కూర్చోబెట్టడానికి నాకు మూడు నెలలు పట్టింది. నా ఉద్యోగ జీవితంలో గర్వంగా చెప్పుకోగల కోడు ఏదన్నా ఉంటే ఆ నాలుగొందల లైన్లే, దానికి నాకు ఎవడూ జీతం ఇవ్వలేదు.

2004లో నాకు ఆన్‌సైట్ వచ్చింది. ఎక్కడికో ఊహించండి. మాంచెస్టర్!

బావ ఎయిర్‌పోర్టుకి వచ్చి ఆ సీడీ నా చేతిలో పెట్టాడు. "దాన్ని పుట్టింటికి తీసుకెళ్ళి చూపించి పట్రా" అన్నాడు. వారానికోసారి కూర్చుని కోడు పూర్తి చేద్దామని ఒప్పందం.

పూర్తి చెయ్యలేదు. అక్కడ పనీ చలీ కొత్త, పెళ్ళి సంబంధాలు ఇంకోపక్క. బావ మెయిళ్ళు వస్తున్నాయి, బగ్గుల జాబితాతో సహా. వాటికి జవాబు రాయకపోవడం అలవాటైంది. ఒక శుక్రవారం రెండు లైన్లు కొట్టి పంపేశాను. నాకు టైము కుదరట్లేదు, నన్ను వదిలెయ్, కోడు నువ్వే ఉంచుకో అని. ఫోను చేసి చెప్పొచ్చు, కాలింగు కార్డు జేబులోనే ఉంది. చెయ్యలేదు. వాడి నుంచి జవాబు రాలేదు.

మా క్లయింటు ఆఫీసులో ఒక డీబీఏ ఉండేవాడు, యాభైకి దగ్గరపడ్డ మనిషి, మాట తక్కువ. నా డెస్కు మీద సీడీ చూసి ఆగిపోయాడు. హైదరాబాదు నుంచి వచ్చినవాడి దగ్గర ఇదేంటని. అంతే, ఆ రోజు నుంచీ మధ్యాహ్నం భోజనం ఆయనతోనే. ఆ వయసు మాంచెస్టర్ వాళ్ళని ఎవర్నడిగినా జూన్ 4 కచేరీలో తను ఉన్నాననే చెప్తారు. నిజానికి ఆ రోజు వచ్చింది ఓ నలభై మంది అంటారు. ఈయన మాత్రం "నేను లేను, మా అమ్మ పంపలేదు" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆయన మీద నాకు గురి కుదిరింది. ఒక శనివారం నన్ను పికడిలీకి తీసుకెళ్ళి రాబర్ట్ పీల్ విగ్రహం చూపించాడు. "స్పైరల్ స్క్రాచ్" అట్ట మీద పోలరాయిడ్ ఫోటో అక్కడ తీసిందే. ఫ్రీ ట్రేడ్ హాలు ఆ ఏడాదే హోటలైంది, దాన్ని బయట నుంచే చూసి నిట్టూర్చాడు.

సింగిల్ కొన్న ప్రతిసారీ ఏ కొట్లో, ఏ వాన రోజు కొన్నాడో ఆయనకి గుర్తు. మాల్కమ్ గారెట్ చేసిన ఆ అట్టల రంగులు చేత్తో గాల్లో గీసి చూపించేవాడు. కానీ ఆయన అసలు మోజు మెంబర్ల సైడ్ ప్రాజెక్టులు. గార్వీ బ్యాండు టియర్‌డ్రాప్స్, డిగిల్ బ్యాండు ఫ్లాగ్ ఆఫ్ కన్వీనియన్స్ రెండు ముక్కల్లో తేల్చేసేవాడు. మేహర్ సంగతి మాత్రం మురిపెంగా చెప్పేవాడు. డ్రమ్ములు పక్కన పెట్టి ఫోక్స్‌వ్యాగన్ కార్లకి రేసు ఇంజన్లు కట్టడం మొదలుపెట్టి, అందులోనే పేరు తెచ్చుకుని, స్కాట్లండు పక్కన హ్యారిస్ దీవికి మకాం మార్చేశాడు. (తర్వాతి రోజుల్లో అక్కడి పాడుపడ్డ ఇళ్ళని ఫోటోలు తీసి ఫోటోగ్రాఫరుగా కూడా నిలబడ్డాడు. పాత బ్యాండు పేరు చెప్పుకుని బతకని మనిషి.)

షెల్లీ అయితే మన జాతే. బజ్‌కాక్స్ కన్నా ముందు, 1974లోనే సొంతంగా కట్టుకున్న ఆసిలేటర్‌తో గుయ్‌గుయ్‌మనే శబ్దాలు రికార్డు చేసి పెట్టుకుని, 1980లో "స్కై యెన్" అని విడుదల చేశాడు. నేను రెండుసార్లు విన్నాను, మూడోసారి ఎవరన్నా డబ్బులిస్తే వింటాను. 1983లో సోలో ఆల్బమ్ "ఎక్స్ఎల్1" వేస్తే పాటలైపోయాక చివర్లో ఒక కంప్యూటర్ ప్రోగ్రాము కూడా శబ్దంగా రికార్డు చేశాడు. అది జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌లోకి ఎక్కిస్తే పాట నడుస్తుంటే తెర మీద పాటలోని మాటలూ బొమ్మలూ వస్తాయి. 1983లో! మనవాళ్ళు కరావోకే అనే మాట విననప్పుడు. ఆయన దాన్ని ఇంట్లో ఎక్కించి చూశాడట. నాలుగోసారికి లోడయిందట.

ఆ ప్రోగ్రాము దాకా వచ్చిన కథలో మధ్యలో ఒక ముక్కుంది. 1981లో నాలుగో ఆల్బమ్‌కి పాటలు కుదరక, షెల్లీ నిర్మాత మార్టిన్ రషెంట్‌తో కలిసి డ్రమ్ మెషీన్లూ సింథసైజర్లూ పెట్టుకుని కొన్ని పాటలు చేశాడు. అవి బ్యాండు పాటల్లా లేవు. సొంత పేరుతో "హోమోసేపియన్" అని వేశాడు, బీబీసీ వెయ్యనంది. మరి బ్యాండు? "లాయరు చేత ఉత్తరం పంపించాడు. అలా తెలిసింది డిగిల్‌కి, మేహర్‌కి. ఐదేళ్ళు ఒకే వ్యానులో తిరిగినవాళ్ళకి, ఉత్తరం" అన్నాడు ఆయన, చిప్స్ మీద వెనిగర్ పోసుకుంటూ. కొంచెం ఆగి, "ఫోను చేసుండాల్సింది" అన్నాడు.

నేను మెయిల్ పంపి అప్పటికి పది రోజులు. ఆ పూట నాకు భోజనం దిగలేదు. సాయంత్రమే కార్డు గీకి ఫోను చేశానని రాస్తే బావుండేది. చెయ్యలేదు. ఇంకాస్త ఆలస్యమైంది కాబట్టి ఇంకాస్త సిగ్గు, సిగ్గు కాబట్టి ఇంకాస్త ఆలస్యం. మీకూ ఇలాంటి ఇన్‌బాక్సు ఒకటి ఉండే ఉంటుంది. అన్నట్టు అదే ఏడాది "ష్రెక్ 2"కి వెళ్తే సినిమా మధ్యలో "ఎవర్ ఫాలెన్ ఇన్ లవ్" మొదలైంది, పీట్ యార్న్ పాడింది. థియేటరంతా పిల్లలు. బావ ఉంటే "చూశావా, ఎ సైడు గాడిద కూడా పాడుకుంటుంది" అనేవాడు.

2009లో హైదరాబాదు వచ్చేశాక ఓ పాత వ్యాసం మార్చుకోడానికి ఏదో ఫాంటు కన్వర్టరు దింపుకున్నాను. బాగా పనిచేసింది. మరీ బాగా. వత్తులు ఒక్కటీ తప్పలేదు. అనుమానమొచ్చి సోర్సు తెరిచాను. పేరు వేరు, భాష కూడా వేరు, పెర్ల్ నుంచి జావాకి మార్చాడు. కానీ ఆ వరస మార్చే ఫంక్షను నాదే, నా లాజిక్కే, నేను బద్ధకించి వదిలేసిన ఐత్వం బగ్గుని కూడా సరిచేశాడు. ఫంక్షను పైన కామెంటులో ఒక్క లైను. "రిఫ్: మా బావది."

ఎంతసేపు చూశానో తెలీదు. మా ఆవిడ వచ్చి వైరస్సా అనడిగింది. ఆ రాత్రి నాలుగు సార్లు మెయిల్ మొదలుపెట్టి నాలుగు సార్లూ మూసేశాను.

షెల్లీ, డివోటో మాత్రం నాలాంటివాళ్ళు కారు. ఇరవై ఐదేళ్ళ తర్వాత 2002లో ఇద్దరూ కలిసి "బజ్‌కుంస్ట్" అని ఒక ఆల్బమ్ చేశారు. అది పెద్దగా ఎవరూ కొనలేదు, దానిగురించి నేను బల్లగుద్ది పొగడను కూడా, కానీ చేశారు. బ్యాండు 1989లోనే మళ్ళీ కలిసింది, ఉత్తరం అందుకున్న డిగిల్‌తో సహా. 2012 మేలో మాంచెస్టర్లో ఒకరోజు, లండన్లో ఒకరోజు పాతవాళ్ళందరూ ఒకే స్టేజి ఎక్కారు. చివరి నుంచి మొదటికి వాయించుకుంటూ వెళ్ళి ఆఖర్న డివోటోని పిలిచి "స్పైరల్ స్క్రాచ్" పాడించారు. వీడియోలో చూశాను. బట్టతల డివోటో. రెండు స్వరాల సోలో దగ్గర జనం ఒక్కో స్వరానికీ అరుస్తున్నారు.

2018 డిసెంబరు 6న షెల్లీ టాలిన్‌లో పోయాడు. కొన్నేళ్ళుగా ఎస్టోనియాలోనే ఉంటున్నాడు, గుండెపోటు, 63 ఏళ్ళు. మర్నాడు పొద్దున్న ఆఫీసు బస్సులో ఉండగా తెలియని నంబరు నుంచి మెసేజి.

"షెల్లీ పోయాడు బావా."

పద్నాలుగేళ్ళ తర్వాత మొదటి మాట. ఈసారి టైపు చెయ్యలేదు. హైటెక్ సిటీ ఫ్లైఓవర్ మీద బస్సు ఆగిపోయి ఉంది, అక్కణ్ణుంచే ఫోను చేశాను. నంబరు ఎలా దొరికిందిరా అంటే, "2009లోనే దొరికింది, నువ్వు చేస్తావేమోనని ఆగాను" అన్నాడు. కన్వర్టరుని ఎవరు దింపుకున్నారో లాగ్‌లో చూసుకుంటాడట, అందులో నా ఆఫీసు పేరు కనిపించిందట. సారీ అందామంటే నోరు పెగల్లేదు. మనకి ఆ మాట తెలుగులో రాదు, ఇంగ్లీషులో అంటే కాలు తొక్కినట్టు ఉంటుంది. "ఆ ఐత్వం బగ్గు ఎలా పట్టావురా" అన్నాను. అరగంట చెప్పాడు. నాకు సగం అర్థంకాలేదు, బస్సులో అందరూ నన్నే చూస్తున్నారు, నేను ఊఁ కొడుతూనే ఉన్నాను.

చివర్లో అడిగాడు, "నా సీడీ ఏదీ?"

అటక మీద ఉంది. మాంచెస్టర్ నుంచి వచ్చిన పెట్టెలో, స్వెటర్ల కింద. ఇంట్లో దాన్ని పెట్టి వినడానికి డ్రైవు ఉన్న మిషను ఒక్కటీ లేదు, వాడి దగ్గరా లేదట. అయినా పంపమన్నాడు. ఆ శనివారం పాత న్యూస్‌పేపర్లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, కాకినాడ అడ్రసు రాసి కొరియర్ ఆఫీసుకి తీసుకెళ్ళాను. కౌంటర్లో కుర్రాడు లోపల ఏముందో రాయాలి సార్ అన్నాడు. పాటల సీడీ అన్నాను.

"ఏ సినిమావి సార్?" అన్నాడు.